మెట్ల మీది పద్దెనిమిదిమంది

సాయంత్రం ఐదింటికి ఆమె మేడ మీది గది తాళం తీస్తుంది. తియ్యబోయే ముందు లెక్కపెడుతుంది. ఇరవై రెండేళ్ళు సిటీ బస్సులో కండక్టరుగా చేసిన మనిషికి తలలు లెక్కపెట్టడం రెప్ప వెయ్యడం లాంటిది, ఆపమన్నా ఆగదు. వీధి తలుపు దగ్గర మొదలై గది గుమ్మం దాకా ఎక్కే ఇరుకు మెట్ల మీద ఆరోజు పద్దెనిమిదిమంది ఉన్నారు. లోపలికొచ్చి రిజిస్టరులో సంతకం పెట్టి కూర్చున్నవాళ్ళు నలుగురు. అంతకు ముందు రోజూ అంతే. ఆ ముందు రోజూ అంతే.

"ముందుకి జరగండి, ముందుకి! లోపల ఖాళీ ఉంది!" అని అరిచింది, బస్సులో అరిచినట్టే.

"మేం దిగే స్టాపు ఇదే ఆంటీ," అన్నాడు పొడుగోడు, కాళ్ళు ముడుచుకుని ఆమెకు దారిస్తూ. పదహారేళ్ళకే తలుపుకు తల తగిలేంత ఎదిగాడని ఆమే పెట్టిన పేరు అది. వాడి పక్కనున్న ఈలగాడు పొడుగ్గా ఈల వేశాడు, బండి ఆపమన్నట్టు. మెట్లన్నీ నవ్వాయి.

ఆమె పళ్ళు నూరుకుంటూ పైకి ఎక్కింది.

నడుము పట్టేసి ఉద్యోగం గడువుకు ముందే వదిలేశాక ఆమె రెండు నెలలు ఇంట్లో కూర్చుంది. మూడో నెల నుంచి ఉప్పు ఎక్కువైందని, గోడ మీద మరక ఉందని మొగుడి మీద విరుచుకుపడడం మొదలుపెట్టింది. ఆయన ఇంట్లోనే ఓ మూల బల్ల వేసుకుని గడియారాలు బాగుచేస్తాడు. కంటికి తగిలించుకున్న భూతద్దం తియ్యకుండానే, "నీకు జనం లేక వచ్చిన జబ్బు ఇది. ఎక్కడైనా నలుగుర్ని చూసుకో, నన్నొదిలెయ్," అన్నాడు. అలా దొరికింది ఈ జీతంలేని పని. కింద వార్డు ఆఫీసు, పైన ఈ గది. పదమూడు నుంచి పంతొమ్మిదేళ్ళ పిల్లలు బడి అయ్యాక వీధుల్లో తిరక్కుండా ఇక్కడికి రావాలని, చదువుకోవాలని, ఆడుకోవాలని, ఏదైనా పని నేర్చుకోవాలని దాని ఉద్దేశం. లోపల టేబుల్ టెన్నిస్ బల్ల ఒకటి, రెండు కుట్టు మిషన్లు, రెండు కంప్యూటర్లు ఉన్నాయి. కంప్యూటర్లలో ఒకటి పనిచేస్తుంది. నాలుగు నెలల్లో ఆమె గోడలకు సున్నం కొట్టించింది, బల్లకు వల మార్పించింది, కిటికీ అద్దం వేయించింది. పిల్లలు వచ్చారు. మెట్ల దాకా వచ్చారు.

ఆ నెల మొదటి తారీకున కింది ఆఫీసు సూపరింటెండెంటు గారు ఓ ఉత్తరం చేతిలో పెట్టాడు. ఈ నెలలో తెరిచిన రోజులకు సగటున రోజుకు ఇరవైమంది హాజరు లేకపోతే గదిని పాత ఫైళ్ళకు కేటాయిస్తారట.

ఆమె ఉత్తరాన్ని రిజిస్టరు అట్టకు పిన్ను చేసింది, ఎవరైనా చదువుతారని. నలుగురూ చదివారు. వాళ్ళు ఎలాగూ వచ్చేవాళ్ళే.

ఆరోజు ఇక ఉండబట్టలేక తిరిగి మెట్ల మీదికి వచ్చి, బుడ్డోడి అక్క పక్కన కూర్చుంది. పదిహేనేళ్ళ పిల్ల. మూడేళ్ళ తమ్ముణ్ణి చంకనేసుకుని వస్తుంది. వాళ్ళమ్మ పని నుంచి వచ్చేసరికి ఏడవుతుంది.

"నిజం చెప్పవే. లోపల ఏముందని భయం? పులుందా?"

"పులైతే నయం ఆంటీ. రిజిస్టరుంది."

"రిజిస్టరు ఏం చేస్తుందే, కరుస్తుందా?"

"అందులో నాన్న పేరు రాయాలి, ఇంటి ఫోన్ నంబరు రాయాలి. బళ్ళో కూడా ఇలాగే రాయించుకున్నారు. ఆ రోజు నుంచి తుమ్మినా ఇంటికి ఫోనే. మా నాన్న ఫోనెత్తాడంటే ఇక నన్ను ఇంట్లోంచి కదలనివ్వడు."

"నేనెవరికీ చెయ్యను."

"మీరు చెయ్యరు. రిజిస్టరు ఎప్పుడూ మీ దగ్గరే ఉంటుందా?"

నెలాఖరుకు రిజిస్టరు కింది ఆఫీసుకు వెళ్తుంది. అక్కణ్ణుంచి ఎక్కడికి వెళ్తుందో ఆమెకూ తెలియదు.

"అదీకాక వీణ్ణి లోపలికి రానివ్వరుగా," అంది పిల్ల. బుడ్డోడు తన గురించేనని తెలిసినట్టు ఆమె చెయ్యి పట్టుకుని వాచీ లాగాడు.

మర్నాడు ఆమె సూపరింటెండెంటు గారి బల్ల ముందు నిలబడింది. మంచి మనిషే. మోకాళ్ళ నొప్పులు, కుర్చీలోంచి లేవాలంటే బల్ల పట్టుకోవాలి.

"ఆ రెండు గడులూ తీసేస్తే ఏం పోతుందండీ? పేరు, సంతకం చాలవా?"

"ఫారం పైనుంచి వచ్చిందమ్మా."

"పైన ఎక్కణ్ణుంచి?"

ఆయన పైకప్పు వైపు చూశాడు. దాని మీద ఉన్నది ఆమె గదే.

"పోనీ మెట్ల మీద ఉన్నవాళ్ళని కూడా నేనే రాసుకోవచ్చా? రోజూ వస్తున్నారు, నా కళ్ళతో చూస్తున్నాను."

"మెట్ల మీదివాళ్ళు రాకపోకల కిందికి వస్తారమ్మా. హాజరు కిందికి రారు. సంతకం ఉందనుకోండి, ఎక్కడ కూర్చున్నారని నేను అడగను."

ఆమెకు ఒళ్ళు మండిపోయింది. ఇంటికొచ్చి చెప్పులు విసిరేసి మొగుడి బల్ల ముందు కూలబడింది. "లోపలికి రారు, ఇంటికి పోరు! గుమ్మానికి బెత్తెడు దూరంలో కూర్చుని నా ప్రాణం తీస్తున్నారు. వాళ్ళని లెక్కలో వేసుకోవాలా, వద్దా?"

"నీ బస్సులో ఫుట్‌బోర్డు మీద వేలాడేవాడికి టికెట్టు కొట్టేదానివా?" అన్నాడాయన, గడియారం లోంచి ఇసుక రవ్వంత చక్రాన్ని పట్టకారుతో తీస్తూ.

"కొట్టకుండా ఎలా ఉంటాను?"

"మరింకేం?"

"సంతకం పెట్టరయ్యా బాబూ! అదేగా నేను మొత్తుకుంటోంది!"

ఆయన మళ్ళీ గడియారం మీదికి వంగాడు. కానీ ఆ రోజు నుంచి ఆమె తన పాత అలవాటు ఒకటి బయటికి తీసింది. బస్సులో ఉన్నప్పుడు సంచిలో ఉండే చిన్న డైరీ లాంటిదే ఒకటి కొని, ఒకటో తారీకు నుంచి గుర్తున్నంత వరకు రాసి, ఆపై రోజూ రాసింది. లోపల నలుగురు, మెట్ల మీద పద్దెనిమిది. వాన, మెట్ల మీద తొమ్మిది. పొడుగోడు రాలేదు, పరీక్ష. ఈలగాడు రాలేదు, జ్వరం. ముఖం ఒకసారి చూస్తే మరచిపోని మనిషి, ఎవరు రాలేదో తడుముకోనక్కర్లేదు.

చెయ్యగలిగిందంతా చేసింది. బల్లను గుమ్మానికి దగ్గరగా జరిపింది. బంతి ఎగిరి మెట్ల మీద పడితే మెట్లవాళ్ళు దాన్ని తిరిగి లోపలికి విసిరారు, అంతే. మోటారుసైకిలు మెకానిక్కుని బతిమాలి ఓ ఇంజను మోయించుకొచ్చింది. ఆ మహానుభావుడు ఇరుకు మెట్ల మీద బరువు ఎక్కించలేక ఇంజనుతో సహా నాలుగో మెట్టు మీద చతికిలబడి, అక్కడే పాఠం మొదలుపెట్టాడు. పద్దెనిమిదిమందీ చేతులకు నల్లటి నూనె పూసుకుని నేర్చుకున్నారు. లోపలి నలుగురు కూడా బయటికొచ్చారు. ఆరోజు గదిలో ఉన్నది ఆమె ఒక్కతే.

మూడో వారం బుధవారం కింద నీళ్ళ పైపు పగిలి భవనమంతా మూసేశారు. అదో దెబ్బ. నెల చివరి రోజు ఆదివారం. సోమవారం పొద్దున్న సూపరింటెండెంటు గారు రిజిస్టరు చూసి ఆమె చేత సంతకం పెట్టించుకోవాలి. ఆమె శనివారం సాయంత్రం తాళంచెవి వాచ్‌మన్‌కి ఇచ్చి, మెట్లు దిగుతూ ఎవరి ముఖమూ చూడలేదు.

సోమవారం ఆమె ఆయన బల్ల ముందు కూర్చునేసరికి, బడికి పోవాల్సిన పిల్లలందరూ ఆఫీసు గుమ్మం దగ్గర గుంపుగా నిలబడి ఉన్నారు. బుడ్డోడు కూడా. "మీకు ఇక్కడేం పని?" అనబోయింది. అప్పటికే ఆయన రిజిస్టరు తెరిచి కళ్ళజోడు సర్దుకున్నాడు.

"భేష్! రోజుకి ఇరవై రెండు! నేనేదో అనుకున్నానమ్మా."

ఆమె వంగి చూసింది. ప్రతి రోజు పేజీలోనూ నలుగురి కింద ఖాళీగా ఉండాల్సిన గీతలన్నీ నిండి ఉన్నాయి. పద్దెనిమిది చేతిరాతలు. తండ్రి పేర్లున్నాయి. ఫోన్ నంబర్లున్నాయి. పొడుగోడి గీతలో ఉన్న నంబరు ఆమెకు తెలుసు, వాళ్ళ నాన్న కొట్టు బోర్డు మీద ఉండేదే. దొంగ నంబరు కాదు. అంతా ఒకే నీలిరంగు పెన్ను. ఆదివారాలు కూడా నిండాయి. పైపు పగిలిన బుధవారం కూడా నిండింది.

సూపరింటెండెంటు గారు కూడా బుధవారం పేజీ దగ్గర ఒక్క క్షణం ఆగాడు. కళ్ళజోడు పైనుంచి ఆమెను చూశాడు. పేజీ తిప్పేశాడు.

"సంతకం పెట్టండమ్మా. ఆ ఫైళ్ళు మేడ మీదికి పోతే రోజుకి పదిసార్లు ఎక్కలేక చచ్చేది నేనే. నాకు ఇరవై కావాలి, ఇరవై రెండుంది. పెట్టండి."

ఆమె పెన్ను తీసింది. మనిషి ఎక్కకుండా టికెట్టు చింపితే ఉద్యోగం ఊడుతుందని మొదటి రోజే నేర్పారు. ఇరవై రెండేళ్ళలో ఒక్కటీ చింపలేదు. ఇక్కడ ఉద్యోగమూ లేదు, ఊడేదీ లేదు. చెయ్యి మాత్రం ముందుకు పోలేదు. సంచిలోంచి డైరీ తీసి రిజిస్టరు పక్కన పెట్టింది.

"వీళ్ళు వచ్చింది నిజం. రాని రోజులు కొట్టేసి పెడతాను."

"ఎందుకమ్మా లేనిపోని..." అన్నాడాయన.

"ఆంటీ, వద్దు," అన్నాడు పొడుగోడు గుమ్మం దగ్గర నుంచి.

ఆమె మొదలుపెట్టింది. ఐదు ఆదివారాలు, ఆ బుధవారం అడ్డంగా గీత. వాన పడ్డ రోజున తొమ్మిది గీతలు. "ఏడో తారీకు నువ్వు వచ్చావట్రా?" అని ఈలగాణ్ణి అడిగింది.

"వచ్చానాంటీ. ఇప్పుడే గుర్తొచ్చింది."

"వచ్చావా?"

వాడు ఆమె కళ్ళలోకి చూడలేకపోయాడు. "జ్వరమాంటీ," అన్నాడు నేల చూస్తూ. గీత.

అరగంట పట్టింది. సూపరింటెండెంటు గారే కాగితం మీద కూడాడు. "ఇరవై ఐదు రోజులకి ఐదువందలు కావాలి. నాలుగువందల తొంభై ఏడు వచ్చింది. మూడు తక్కువమ్మా, మూడే!"

"నిన్న!" పొడుగోడు లోపలికి దూసుకొచ్చాడు. "నిన్న ఆదివారం నిజంగానే వచ్చాం! మీరు పంపారని చెప్పి వాచ్‌మన్ దగ్గర తాళం తీసుకుని, లోపల కూర్చునే రాశాం. అందరం! ఈ నలుగురు కూడా!"

ఆమె నలుగురి వైపు చూసింది. తలలూపారు. మొదటిసారి గదిలో ఇరవై రెండుమందీ కూర్చున్న రోజు ఆమె లేదు.

"తెరిచిన రోజే కదా, వెయ్యండి," అంది.

సూపరింటెండెంటు గారు హుషారుగా కలిపాడు. కలిపి, పెన్ను కింద పెట్టాడు. "ఐదువందల పంతొమ్మిది. రోజులు ఇరవై ఆరయ్యాయి. ఐదువందల ఇరవై ఉండాలి."

"మా తమ్ముడు రోజూ వచ్చాడు," అంది బుడ్డోడి అక్క.

"పదమూడేళ్ళు నిండాలమ్మా."

"ఒక్క తలాంటీ!" అన్నాడు పొడుగోడు. "ఆ వాన రోజు తొమ్మిదికి పది చేస్తే ఏమయ్యేది? ఎవరు చూడొచ్చారు?"

ఆమె ఐదువందల పంతొమ్మిది కింద సంతకం పెట్టింది. తల తిప్పేసరికి గుమ్మం ఖాళీ. బుడ్డోడి అక్క వీధిలో తమ్ముణ్ణి ఈడ్చుకుంటూ వేగంగా పోతోంది, వాడు వెనక్కి తిరిగి చెయ్యి ఊపుతున్నాడు.

ఇంట్లో ఆరోజు ఆమె అరవలేదు. అందుకే మొగుడికి భయం వేసింది. భూతద్దం తీసి పక్కన పెట్టాడు.

"నంబర్లు కూడా ఇచ్చారయ్యా," అందామె. "నాలుగు నెలలు బతిమాలితే ఇవ్వనివి. వాళ్ళంతట వాళ్ళు ఇచ్చారు. నేను కూర్చుని గీతలు కొట్టాను."

"తప్పు చేశావా?"

"లేదు," అంది కోపంగా. "అదే కదా నా బాధ."

మర్నాడు ఐదింటికి తాళం తియ్యడానికి గది లేదు. అయినా కాళ్ళు అటే తీసుకెళ్ళాయి. ఆఫీసు అటెండరు ఫైళ్ళ కట్టలు భుజాన వేసుకుని మేడ ఎక్కుతూ, "ఇదేమన్నా మీ ఇల్లా, లేవండి!" అని మెట్ల మీదివాళ్ళని తిడుతున్నాడు. వాళ్ళు గోడకు అతుక్కుని దారి ఇచ్చి, మళ్ళీ కూర్చుంటున్నారు. టేబుల్ టెన్నిస్ బల్ల నిలువుగా వీధి తలుపు వెనక ఆనించి ఉంది. ఆమె లెక్కపెట్టింది. పదిహేడు. అందులో ఇద్దరు లోపలి నలుగురిలోవాళ్ళు. పొడుగోడు, బుడ్డోడి అక్క ఉన్నారు. మెట్లవాళ్ళలో ముగ్గురు రాలేదు, రిజిస్టరు చూసి ఇళ్ళకు ఫోన్లు వెళ్ళాయట.

ఎవరూ చోటివ్వలేదు. ఆమె నిలబడే ఉంది, నడుము లాగుతోంది.

పొడుగోడు చెయ్యి చాచాడు. "డైరీ ఇవ్వండి."

ఇచ్చింది. వాడు మోకాలి మీద పెట్టుకుని, ఒక్కో పేజీ మీద వేలు పెట్టి, పెదవులు కదుపుతూ కూడుకుంటూ పోయాడు. మధ్యలో ఈలగాడు ఏదో అనబోతే "నోర్ముయ్యరా, తప్పుతుంది" అన్నాడు. అటెండరు రెండుసార్లు ఎక్కి దిగాడు. బుడ్డోడి అక్క తమ్ముణ్ణి ఒళ్ళోకి లాక్కుని గోడవైపు జరిగి, ఖాళీ అయిన జానెడు చోటు వైపు కళ్ళతోనే చూపించింది. ఆమె నడుము పట్టుకుని అందులో ఇరుక్కుంది. బుడ్డోడు వెంటనే వాచీ కోసం ఎగబడ్డాడు.

పొడుగోడు చివరి పేజీ తిప్పి, డైరీ మూసి, ఆమె ఒళ్ళో పడేశాడు.

"లెక్క కరెక్టే," అన్నాడు విసుగ్గా.

"తెలుసు," అందామె. "పొద్దున్నుంచి నేనూ మూడుసార్లు కలిపి చూశాను."