ఆరు దెబ్బల రూలు

చౌడక్క ఆ పిల్లల హోములో అడుగుపెట్టేసరికి పదేళ్ల పిల్లాడొకణ్ని స్తంభానికి కట్టేసి బాదుతున్నారు. 1959 ఎండాకాలం. పెనుకొండకు రెండు మైళ్ల అవతల, రేకుల కప్పు కింద, తండ్రి లేని మగపిల్లల్ని అరవై మందిని ప్రభుత్వం పోషిస్తున్న చోటు అది. బాదుతున్నవాడు వంటవాడు. పిల్లాడు చేసిన నేరమల్లా గంగాళంలోంచి అడక్కుండా ఇంకో సంగటి ముద్ద తీసుకోవడం. చౌడక్క భుజాన ఉన్న సంచీ కింద పడేసి, వంటవాడి చేతిలోని చింతబరికె లాక్కుని, వాడి మోకాళ్ల మీదే రెండు వాయించింది. తను హిందూపురం నుంచి వచ్చిన సంక్షేమ శాఖ ఆర్గనైజరునని ఆ తర్వాత చెప్పింది.

చౌడక్కకు ముక్కు మీద కోపం. చిలమత్తూరు పక్కన ఒక మెట్ట పల్లెలో జీవాలు మేపుకునే ఇంట్లో పుట్టింది. పదమూడో ఏట పెళ్లయింది, పదహారో ఏట మొగుడు పోయాడు. కొడుకును మింగిందని అత్త జుట్టుపట్టి వీధిలోకి ఈడిస్తే, అత్త చేయి కొరికి మరీ బయటపడింది. ఆ తర్వాత చదివి, టీచరు ట్రైనింగు పూర్తిచేసి, ముప్పై ఏళ్లు దాటాక ఈ ఉద్యోగంలోకి వచ్చింది. మెత్తగా ఉంటే ఆ పల్లె పొలిమేర కూడా దాటేది కాదు. అందుకని ఆ కోపాన్ని తప్పుపట్టడానికి నాకు నోరు రాదు.

ఆ రోజు హోములో ఆమె చూసినవి చాలా ఉన్నాయి. పారిపోయి దొరికిన పిల్లాడి కాలికి గొలుసు, గొలుసు చివర చెక్క మొద్దు. ఒకడి చెవి తమ్మె చీలిపోయి ఉంది. ఇంకొకడి చేయి విరిగితే కట్టు కట్టించకుండా అలాగే అతుక్కోనిచ్చారు. సూపరింటెండెంటు పోతులయ్య రాక్షసుడేం కాదు. ఇస్త్రీ చొక్కా, నుదుట విభూతి, మర్యాదైన మాట. అరవై మందిని కొట్టకుండా ఎలా నిలబెట్టాలో మీరే చెప్పండమ్మా అన్నాడు. ఎన్ని దెబ్బలు కొడతారని అడిగితే, దానికి లెక్కేముంది, కోపం తీరేదాకా అన్నాడు.

లెక్క లేదన్న మాట చౌడక్కను పట్టుకుంది. ఆమె పైఅధికారి, డిప్యూటీ డైరెక్టరు వెంకటేశ్వర్లు కోస్తా జిల్లా మనిషి, పెద్దమనిషి తరహా. ఇలాంటి హోములకు నిబంధనలే లేవనీ, రాసిపెట్టే పని మీరే చూడండనీ ఆమెకే అప్పజెప్పాడు. ముందు ఏడాది పాటు పెనుకొండ దగ్గరి హోములో అమలు చేసి చూస్తారు. బాగుంటే రాష్ట్రంలో అన్ని హోములకూ అవే. చౌడక్క మూడు నెలలు హిందూపురం ఆఫీసులో కూర్చుని ఇరవై ఏడు నిబంధనలు రాసింది. పిల్లాడికి ఎన్ని చాపలు, ఎన్ని చొక్కాలు, వారానికి ఎన్నిసార్లు తలంటు, అన్నీ రాసింది. పంతొమ్మిదోది శిక్షల సంగతి.

కొట్టడమే వద్దని రాయాలన్న ఊహ ఆమెకు రాలేదు. దెబ్బలు తినకుండా పెరిగిన పిల్లను ఆమె తన ఊళ్లో ఎన్నడూ చూడలేదు మరి. తన పల్లెలో ఒక కట్టుబాటు ఉండేది, దాన్ని గుర్తు చేసుకుంది. పిల్లల ఏమరుపాటు వల్ల మందలో జీవం తోడేలు పాలైతే, కులపెద్ద పగ్గం మడిచి ఆరు దెబ్బలు కొట్టాలి. ఏడోది పడకూడదు. కొట్టిన వెంటనే ఆ చేత్తోనే సంగటి కలిపి ఆ బిడ్డకు తినిపించాలి. ఎనిమిదేళ్లప్పుడు చౌడక్క ఆ ఆరూ తింది, ఆ ముద్దా తింది. ఐదో దెబ్బకే పెద్దాయన చేయి సడలిపోవడం ఆమెకు ఇప్పటికీ తెలుసు. ఎదురుగా కూర్చుని ముద్ద పెట్టాల్సిన బిడ్డను ఎవడూ చంపేటట్టు కొట్టలేడు.

అందుకని పంతొమ్మిదో నిబంధన ఇలా రాసింది: ఆరు దెబ్బలకు మించరాదు, ప్రతి శిక్షా పుస్తకంలో రాయాలి, కొట్టినవారే ఆ పూట పిల్లవాడికి దగ్గర కూర్చుని అన్నం పెట్టాలి. వెంకటేశ్వర్లు చదివి నవ్వాడు. అన్నం సంగతి ఆహార పట్టిక కిందికి వస్తుందని, శిక్షల కింద రాస్తే పైవాళ్లు ఫైలు తిప్పి పంపుతారని చెప్పి, చివరి మాట ఎర్రసిరాతో కొట్టేశాడు. చౌడక్క కాసేపు వాదించింది. ఫైలు ఆగిపోతే గొలుసులూ మొద్దులూ అలాగే ఉంటాయని భయపడింది. ఆరన్న లెక్కయినా మిగిలింది కదా అనుకుని సంతకం పెట్టింది. ఆ సంతకం పెట్టిన చేతిని తర్వాత ఆమె తిట్టుకున్నన్ని తిట్లు అత్తను కూడా తిట్టలేదు.

మొదటి ఆరు నెలలు ఆమె పొంగిపోయింది. గొలుసులు పోయాయి, మొద్దు పొయ్యిలోకి పోయింది. పోతులయ్య గుండ్రటి అక్షరాలతో పుస్తకం నింపుతున్నాడు. ఎక్కడా ఆరు దాటలేదు. రోజుకు ఎంతమంది పేర్లు ఉన్నాయో ఆమె లెక్కపెట్టలేదు. అంకె కోసం చూసింది, అంకె సరిగ్గా ఉంది.

1960 కార్తీకంలో ఒక పిల్లాడు పోయాడని కబురొచ్చింది. ఆమె పొద్దున రైలెక్కి పెనుకొండలో దిగి, బండి కోసం ఆగకుండా నడిచి పోయింది. వాడి పేరు ఈరన్న, తొమ్మిదేళ్లు. బుక్కపట్నంవాడు, హోముకు వచ్చి మూడు వారాలే. చాప మీద బోర్లా పడుకోబెట్టి పైన గుడ్డ కప్పారు. చౌడక్క గుడ్డ తీసింది. మెడ నుంచి తొడల దాకా తోలు నిలవలేదు. పాత వాతల మీద కొత్త వాతలు పడి, చీము పట్టి, ఈగలు ముసురుతున్నాయి. జ్వరంతో పోయాడని డాక్టరు కాగితం రాసిచ్చాడు. అందులో అబద్ధమేమీ లేదు, ఆ పుండ్ల వల్లే జ్వరం.

పుస్తకం తెప్పించి చూసింది. ఈరన్న, పక్క తడిపినందుకు, ఆరు. మర్నాడు ఈరన్న, పక్క తడిపినందుకు, ఆరు. అలా పద్నాలుగు రోజులు, రోజూ కింద సంతకం. ఇన్ని రోజులకు మించరాదని చౌడక్క రాయలేదు.

"ఒక్క దెబ్బ ఎక్కువ కొట్టలేదమ్మా, మీరే సూడండి" అన్నాడు పోతులయ్య. ఆయన నిజంగానే బాధపడుతున్నాడు. "ముందు కోపమొచ్చినప్పుడే కొట్టేవాణ్ని. ఇప్పుడు రూలు ఉండాది కదా. కోపం లేకపోయినా కొట్టాల్సి వస్తాంది."

చౌడక్క గోడకు వేలాడుతున్న బెత్తం తీసి సంచీలో పెట్టుకుని బయటికొచ్చింది.

పది రోజులకు ధర్మవరం ట్రావెలర్స్ బంగళాలో కమిటీ కూర్చుంది. వెంకటేశ్వర్లు, హైదరాబాదు నుంచి వచ్చిన ఇద్దరు ఆఫీసర్లు, ఒక డాక్టరు. విచారణ కోసం పోతులయ్యను పిలిపించి ఓ పక్కన నిలబెట్టారు. బల్ల మీద ఇరవై ఏడు నిబంధనలూ టైపు కొట్టి అచ్చుకు సిద్ధంగా ఉన్నాయి. సంతకాలైతే ఆ సాయంత్రమే హైదరాబాదుకు పోతాయి, రాష్ట్రమంతటా పిల్లల వీపుల మీదికి పోతాయి. పంతొమ్మిదోది తీసేయమని చౌడక్క అడిగింది. మళ్లీ అడిగింది. ఆరు దెబ్బలంటే చాలా తక్కువని, సూపరింటెండెంటు రూలు దాటలేదని రిపోర్టు చెప్తోందని, పైగా ఆ రూలు రాసింది మీరే కదా అని వెంకటేశ్వర్లు మెత్తగా చెప్పాడు. ఒకాయన అప్పటికే కలం మూత తీశాడు.

చౌడక్క సంచీలోంచి హోము బెత్తం తీసింది. పోతులయ్య ఏమిటన్నట్టు చూసేలోపు మొదటిది వీపు మీద పడింది. ఒకటి అని గట్టిగా లెక్కపెట్టింది. రెండోదానికి ఆయన గోడకేసి తిరిగాడు, మూడోదానికి ఇస్త్రీ చొక్కా చీలి రక్తం కనపడింది. డాక్టరు అడ్డం వస్తే మోచేత్తో ఒక్క పోటు పొడిచింది, ఆయన కళ్లజోడు ఎగిరి పడింది. ఆఫీసర్లిద్దరూ కుర్చీల వెనక్కి దూరారు. నాలుగోదానికి పోతులయ్య మోకాళ్ల మీద పడి, చాలమ్మా, బిడ్డలు గలోణ్ని అని ఏడ్చాడు. ఐదోది ఆ వేడుకోలు మీదే పడింది. ఆరోది అన్నిటికన్నా గట్టిగా కొట్టింది. ఆ ఆరింటిలో కొన్ని ఈరన్న కోసం కొట్టినవి కావు. తన మీద తనకున్న కోపం ఆయన వీపు మీద తీర్చుకుంది. కొడుతుంటే హాయిగా ఉందని, ఆ హాయి తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గు చంపేస్తుందని చాలా ఏళ్ల తర్వాత తనే ఒప్పుకుంది.

ఆమె బెత్తం కాగితాల మీద పెట్టింది. దానికంటిన రక్తం పై కాగితానికి అంటుకుంది.

"ఇది ఒక్క రోజుది సార్" అంది వెంకటేశ్వర్లుతో. "ఇంకా పదమూడు రోజులది ఉండాది. రూలు దాటను. రేపొచ్చి మళ్లీ ఆరు కొడతా."

ఎవరూ సంతకం పెట్టలేదు. పోలీసులొచ్చి ఆమెను స్టేషనుకు తీసుకుపోయారు. ఆరు నెలలకు ఉద్యోగం పోయింది. కేసు వేస్తే తన పుస్తకం కోర్టుకెక్కుతుందని పోతులయ్య వేయలేదు, ఏదో గోడౌనుకు బదిలీ చేయించుకుని పోయాడు. పంతొమ్మిదో నిబంధన మాత్రం అచ్చులో వేరేగా వచ్చింది: ఏ కారణం చేతనైనా పిల్లలపై చేయి చేసుకోరాదు. ఆ కాగితం అందిన రోజున చౌడక్క బుక్కపట్నం బస్సెక్కింది.

ఈరన్న తల్లి ముత్యాలమ్మ చెరువులో చేపలు పట్టి అమ్ముకునే మనిషి. మొగుడు పోయాక బిడ్డకు రెండు పూటలా తిండి దొరుకుతుందని హోములో వదిలింది. పోయాడన్న కబురు ఆమెకు మూడు రోజులు ఆలస్యంగా చేరింది, అప్పటికే పూడ్చేశారు. చౌడక్క పోయేసరికి గుడిసె ముందు వల బాగుచేసుకుంటోంది. చౌడక్క దాచుకోలేదు. కొట్టినవాడు ఎవడో చెప్పింది, కొట్టమని రూలు రాసింది తనేనని చెప్పింది. జుట్టు పట్టుకుంటుందేమో, పట్టుకోనీ అనుకుని చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడింది.

రూలంటే ఏమిటో ముత్యాలమ్మకు తెలియలేదు. ఏం చేసినాడని కొట్టినారని అడిగింది. పక్క తడిపినందుకని చౌడక్క చెప్పింది.

"ఈడ కూడా తడిపేటోడు" అంది ముత్యాలమ్మ. "వాళ్ల నాయన పోయినప్పటి నుంచి అంతే. పండుకునే ముందర నీళ్లు తాపకుండా, కోడి కూయకముందే ఒకసారి లేపి బయటికి తోలితే సాలు, తడపడు. ఆ మాట సెప్దామని వాణ్ని ఇడిసిన రోజు ఆడ శానాసేపు నిలబడినా. ఎవురూ నన్నేమీ అడగల్యా."

మూడు నెలలు కూర్చుని రాసిన చౌడక్క కూడా ఏ తల్లినీ ఏమీ అడగలేదు. ముత్యాలమ్మ వల పక్కకు జరిపి, ఎండలో ఎంతసేపు నిలబడతావు, ఇట్లొచ్చి కూర్చోమంది. చౌడక్క ఎండలోనే నిలబడింది.