సోమమ్మ రొట్టె

తార్నాకలోని ఆ చర్చిలో ఎవరు ఎంతటివారో బెంచీలే చెబుతాయి. ముందు వరుసల్లో రిటైరైన ప్రొఫెసర్లు, వాళ్ల ఇల్లాళ్లు. మధ్యలో టీచర్లు, గుమాస్తాలు. చివర్న, చెప్పులు విడిచే చోటికి దగ్గరగా, యూనివర్సిటీ క్యాంపస్‌లో ఊడ్చేవాళ్లు. సోమమ్మ చివరి బెంచీ మనిషి. పొద్దున్నే సీతాఫల్‌మండి నుంచి నడిచొచ్చి క్లాసు గదులు ఊడ్చేది. ఆమె ఊడ్చిన గదుల్లో పాఠాలు చెప్పినవాళ్లెవరూ చర్చిలో ఆమెను గుర్తుపట్టేవారు కాదు.

నెలలో మొదటి ఆదివారం మాత్రం లెక్క మారిపోయేది. ఆ రోజు ప్రభువు బల్ల, క్రీస్తును తలుచుకుని సంఘమంతా రొట్టె పంచుకుని తినే రోజు. ఆ బల్ల మీది రొట్టె సోమమ్మ చేసిందే. పాత పాస్టరు భార్య చనిపోయే ముందు ఆ పని ఆమె చేతుల్లో పెట్టిపోయింది. శనివారం సాయంత్రం తలంటుకుని, మైదాపిండి తడిపి, చిటికెడు ఉప్పేసి, నూనె చుక్క తగలకుండా పెనం మీద కాల్చి, తెల్లగుడ్డలో చుట్టి తెచ్చేది. తెల్లారితే ముందు బెంచీల వాళ్లంతా మోకరించి, దోసిళ్లు పట్టి, ఆమె పిసికిన పిండినే తినేవారు. చివరి బెంచీలోంచి చూస్తూ సోమమ్మ లోలోపల పొంగిపోయేది. పొంగితే ఏం పోయింది? ఆ మాత్రం గర్వం లేకుండా ఏ మనిషైనా ఎలా బతుకుతాడు?

ఆమె భర్త ఎంకన్న క్షయతో పోయాడు. రెండు నెలలు మందులు మింగి, దగ్గు తగ్గగానే మానేశాడు. జబ్బు తిరగబెట్టి తీసుకుపోయింది. తర్వాత అదే జబ్బు సోమమ్మకూ వచ్చింది. ఆమె మాత్రం ఆరు నెలలూ ఒక్క పూట వదలకుండా మందులు మింగి బతికి బయటపడింది. ఈ సంగతి ఇప్పటి పాస్టరు ఇమ్మానుయేల్‌కు తప్ప ఎవరికీ తెలియదు.

ఈ ఏడు నగరంలోని చర్చి సంఘాలన్నీ కలిసి క్షయను తరిమేద్దామని చందాలు మొదలుపెట్టాయి. బస్తీల్లో పరీక్షలు చేయించాలి, రోగులకు పప్పూ గుడ్లూ ఇవ్వాలి. తార్నాక సంఘం మాత్రం జేబులో చెయ్యి పెట్టలేదు. అప్పుడు పాస్టరు సోమమ్మను వెతుక్కుంటూ వచ్చాడు.

"సోమమ్మా, వాక్యం చెప్తే ఎవరూ కదుల్తలేరు. మనిషి కనబడాలె. నువ్వు సాక్ష్యం చెప్పు."

"భయమైతున్నది అయ్యగారు. నా రొట్టె పోతదేమో."

"నీ రొట్టె ఎవరు తీస్తరు? నేను లేనా?"

సోమమ్మకు ఎంకన్న గుర్తొచ్చాడు. "మందు ఇడవకుర్రి అని గట్టిగ జెప్పేటోళ్లుంటే మా ఆయన బతుకుతుండె," అని ఒప్పుకుంది.

సాక్ష్యానికో పద్ధతుంది. ఎంత లోతు గుంటలో పడ్డావని చెబితే, దేవుడు అంత పైకి లేపినట్టు. చెప్పే మనిషి ఒక్కో మెట్టు ఎక్కుతుంటే సంఘం 'స్తోత్రం' అంటూ ఎక్కిస్తుంది. ఆ ఆదివారం సోమమ్మ ముందుకొచ్చి ఎంకన్న చావు చెప్పింది. స్తోత్రం. రక్తం కక్కుకున్న సంగతి చెప్పింది. ఇంకా గట్టిగా స్తోత్రం. పుట్టి బుద్ధెరిగాక అంతమంది తన మాట వినడం ఆమెకు అదే మొదలు. ఆ ఊపులో, తన భక్తిలోకెల్లా గొప్పదనుకున్న మాట బయటపెట్టింది.

"గా ఆర్నెల్లల్ల గూడ నేను రొట్టె తప్పలే. మూతికి కొంగు కట్టుకొని, దగ్గుకుంటనే పిండి పిసికిన. దేవుడు నా సేవను ఆగనియ్యలే!"

స్తోత్రం కోసం ఆగింది. ఎవరూ అనలేదు. ముందు బెంచీలో, స్త్రీల సమాజం అధ్యక్షురాలు ప్రమీల మేడం చేతిరుమాలు తీసి నోటికి అడ్డం పెట్టుకుంది, ఆ రొట్టె ఇప్పుడే మింగినట్టు.

ఆ రోజు కానుక సంచులు నిండిపోయాయి. భక్తి రాల్చని డబ్బు భయం రాల్చింది. పక్క వారం ఒక డాక్టరును పిలిపించారు. ఇది గాలిలో దగ్గు ద్వారా వచ్చే జబ్బనీ, కాల్చిన రొట్టెతో రాదనీ, సోమమ్మ నుంచి ఇప్పుడు ఎవరికీ ముప్పు లేదనీ ఆయన ఓపిగ్గా చెప్పాడు. అందరూ తలలూపారు. ఊపి, చందా డబ్బుతో ముందు తమకే ఎక్స్‌రేలు తీయించుకున్నారు. బస్తీలకు వెళ్లాల్సిన వ్యాను చర్చి ఆవరణలో నిలబడింది. ప్రొఫెసర్లు వరుసలో నిలబడి గుండెలు చూపించుకున్నారు. సోమమ్మ కూడా వెళితే, "నువ్వు చివర్న రామ్మా," అన్నారు. ఆ నెల బల్ల మీదికి బేకరీ రొట్టె వచ్చింది.

ఫలితాలు వచ్చాయి. ఒక్కరికీ జబ్బు లేదు. సోమమ్మ సంతోషం అంతా ఇంతా కాదు. ఇక తన రొట్టె తనకు వచ్చేస్తుందనుకుని, కొత్త మైదా పొట్లం కొనుక్కుని మరీ, బల్ల ఏర్పాట్లు చూసే ప్రమీల మేడం ఇంటికి వెళ్లింది.

"మేడం, అందరికీ మంచిగనే ఉన్నదట గద. ఇగ రొట్టె నేనే జేసుకొస్త."

ప్రమీల మేడం గేటు తీయలేదు. గొంతు మాత్రం తేనెలా ఉంది. "దేవుడు కాపాడాడు సోమమ్మా. ఒకసారి కాపాడాడు కదా అని మళ్లీ మళ్లీ ఆయన్ని పరీక్షించకూడదమ్మా. నువ్వు విశ్రాంతి తీసుకో."

ఆ మైదా పొట్లం పట్టుకుని ఆమె వెనక్కి నడిచిన నడకను తలుచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది. తప్పు చేసినట్టు తల వంచుకుని నడిచింది. చేయని తప్పుకు!

నెల తిరక్కుండా పాస్టరు మళ్లీ వచ్చాడు. రొట్టె ఊసెత్తలేదు, ఆమె మొహం చూడలేదు. "మల్కాజ్‌గిరి సంఘం నిన్నే అడుగుతున్నది సోమమ్మా. కారు పంపిస్తరట. గాడ కూడా మంచిగ చెప్పు. కాకపోతే ఆ రొట్టె సంగతి ఒక్కటి వదిలెయ్."

సోమమ్మ చీపురు పక్కన పెట్టింది.

"రొట్టె లేకుంట నాకేం సాక్ష్యమున్నది అయ్యగారు? మందులు మింగిన, బతికిన. గంతేనా? నేను బతికిందే ఆ రొట్టె కోసం. నేను రాను."

ఆదివారం మల్కాజ్‌గిరికి ఆమె ఫోటో వెళ్లింది. దాన్ని పెద్ద తెర మీద వేసి, సాక్ష్యం పాస్టరే చెప్పాడు, రొట్టె లేకుండా. జనం కళ్లు తుడుచుకున్నారు, ప్రతి మాటకూ స్తోత్రం అన్నారు, కానుకలు బాగా వచ్చాయి. అదే వేళకు తార్నాకలో సంఘపెద్దలు బల్ల జరిపారు. బేకరీ రొట్టె ముందు బెంచీ నుంచి ఒక్కొక్కరి చేతుల్లోంచి వెనక్కి వచ్చి, చివరి బెంచీలో సోమమ్మను దాటి పక్కావిడ దగ్గర ఆగింది.