దొర చేతికిచ్చిన పాస్‌పోర్టు

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడు, గల్ఫ్‌లో సజ్జాలోని మా లేబర్ క్యాంపుకు ఒక అమెరికా పెద్దమనిషి వస్తున్నాడని ముదీర్, అంటే క్యాంపు మేనేజరు, ఆయన జీవిత చరిత్రను నోటీసు బోర్డుకు అంటించాడు. నేను వాచ్‌మన్‌ని. పాత పేపర్లు చదివి నేర్చిన ఇంగ్లీషు నాకుంది గనుక, మనవాళ్లకు చదివి చెప్పే పని నామీద పడింది.

మొదట తన రాష్ట్రంలో మన ఎమ్మెల్యేలాంటివాడు. బట్టల మిల్లులు మూతపడుతుంటే కార్మికులకూ యజమానులకూ రాజీ కుదిర్చాడట. ఆ పేరుతోనే సెనేటరయ్యాడు. ఓడిపోయాడు. ఓడగానే రాయబారిని చేశారు. ఇప్పుడు అదీ అయిపోయి, కూలీల బాగోగులు చూసే సంఘం తరఫున దేశాలు తిరుగుతున్నాడు.

"మన దగ్గర ఓడినోనికి కార్పొరేషన్ చైర్మన్ ఇస్తరు కాకా," అన్నాడు జగిత్యాల వైపు వెల్డరు. "ఆళ్లు ఏకంగ దేశమే దాటిస్తరు."

అందరూ నవ్వారు. రాజీ తర్వాత ఆ మిల్లులు నడిచాయా అని కాగితమంతా వెతికాను. ఆ ముక్క మాత్రం లేదు.

వెల్డరు పైకి నవ్వాడేగాని, ఊళ్లో వాడి భార్యకు ఆపరేషన్. సెలవు ఇవ్వరు, పాస్‌పోర్టు ముదీర్ బీరువాలో. అయితే మా క్యాంపులో ఒక రివాజుంది. చూడడానికి ఎవరొచ్చినా, మా పాస్‌పోర్టులు మా దగ్గరే ఉన్నట్టు కనబడాలని పొద్దున పంచుతారు, వాళ్లు వెళ్లగానే గుంజుకుంటారు.

"ఈసారి చేతికొస్తె మల్ల ఇయ్య. గేటు దాటి పోత," అన్నాడు.

గేటు నాది. తీసే ఉంచుతాను, నువ్వు జేబులో పెట్టుకుని నోరు మూసుకో అన్నాను.

మూసుకోలేదు. మిల్లు కార్మికులకు మేలు చేసిన మనిషని నమ్మాడు. చదివి వినిపించింది నేనే కదా! ఆ రోజు అమెరికా దొర నవ్వుకుంటూ వస్తుంటే వరుస దాటి వెళ్లి పాస్‌పోర్టు చేతిలో పెట్టి, "సాబ్, ఘర్ జానా హై" అన్నాడు. దొర దాన్ని తెరిచి, ఫొటోనూ వాడి మొహాన్నీ పోల్చి చూసి, భేష్ అన్నట్టు తలూపాడు. మూసి, పక్కనున్న ముదీర్‌కు అందించాడు.

మిల్లుల రాజీ ఎలా కుదిరిందో నాకు అప్పుడు తెలిసింది. తీసి ఉంచిన గేటులోంచి దొర కారు వెళ్లిపోయింది.

వారంలో బోర్డు మీద ఫొటో వెలిసింది: వెల్డరూ, దొరా, మధ్యలో పాస్‌పోర్టు. కింద దొర పేరొక్కటే. ఆపరేషన్ రోజున వాడు దాని ముందే నిలబడి ఇంటికి ఫోన్ చేశాడు. క్యాంపులో సిగ్నల్ అక్కడే దొరుకుతుంది మరి.