నేను వాడితో వాదిస్తూ కూర్చున్నాను

ఈ సాయంత్రం అమీర్‌పేటలో షేర్ ఆటో ఎక్కాను. పంజాగుట్ట రాకముందే, నా పక్కన కూర్చున్నవాడు భార్య చెంప మీద కొట్టాడు. నేను ఊరుకుంటానా? చట్టం, మగ అహంకారం అంటూ గొంతు చించుకున్నాను.

"మా ఇంటి ముచ్చట, నీకెందుకు పెద్దమనిషీ?" అన్నాడు వాడు.

జంట ఎక్కితే ఎక్కడ దిగాలో మగవాణ్ణే అడగడం ఆటోవాళ్ల అలవాటు. ఈ డ్రైవర్ మాత్రం బండి పక్కకు ఆపి, ఆమె వైపు తిరిగాడు.

"అక్కా, నువ్వు చెప్పు. నిన్ను యాడ దింపాలె?"

ఆమె కళ్లు తుడుచుకుంది. "శ్రీనగర్ కాలనీల, మా అక్క ఇంటికాడ."

డ్రైవర్ ఆమె మొగుడి వైపు తిరిగాడు. "నువ్వు దిగు భాయ్. జర నడువు, గరం తగ్గుతది."

అందరూ గుడ్లురిమి చూస్తుంటే వాడు గొణుక్కుంటూ దిగిపోయాడు.

ఇరవై ఏళ్లుగా స్త్రీల హక్కుల గురించి మైకులు అరగదీస్తున్న నేను ఆమెను ఒక్క మాట అడగలేదు. మీరైతే అడిగేవారా? నిజం చెప్పండి.