పేదగది గడియ

రోము నగరానికి దగ్గరి ఓస్టియా రేవులో ఓలివ్ నూనె వర్తకుడు నుమీసియస్‌కు పాలరాతి ఇల్లుంది. అయినా నెలకు కొన్నాళ్ళు వంటింటి వెనకున్న ఇరుకు గదిలోనే ఆయన మకాం. ఇంట్లోవాళ్ళు దాన్ని పేదగది అనేవారు. అక్కడ గరుకు గోనె మీద పడక, బార్లీ రొట్టె, పులిసిన ద్రాక్షరసం కలిపిన నీళ్ళు. కలిమిలోనే లేమికి అలవాటు పడితే అది నిజంగా వచ్చిననాడు భయముండదని ఆయన నమ్మకం. లోపల గడియ పెట్టుకుని, రొట్టె తుంచుకుని, కళ్ళు మూసుకుని మెల్లగా నమిలేవాడు. భార్య కల్వేనా వచ్చి తలుపు తట్టేది.

"ఏవండీ, అంజూరపళ్ళు పండాయి. రండి, ఇద్దరం తిందాం."

"కష్టం చెప్పి వస్తుందా కల్వేనా? నన్ను అలవాటు పడనీ."

"వస్తే ఇద్దరం కలిసే పడదాం లెండి. రాని చుట్టానికి ఇప్పట్నుంచే వంట దేనికి?"

ఆయన నవ్వేవాడే గాని గడియ తీసేవాడు కాదు.

ఒక ఏడు ఆయన నూనె ఓడ సముద్రంలో మునిగింది. రేవంతా గగ్గోలు పెడుతుంటే ఆయన మాత్రం చలించకుండా బార్లీ రొట్టె తెమ్మన్నాడు. "మనిషంటే అలా ఉండాల్రా!" అన్నారు హమాలీలు. ఆ ఏటి వేసవిలోనే జ్వరమొచ్చి కల్వేనా పోయింది.

ఇప్పుడాయన మకాం పూర్తిగా పేదగదిలోనే. గోనె, రొట్టె, పుల్లనీళ్ళు అన్నీ ఎప్పుడో అలవాటైపోయాయి. గడియ మాత్రం పెట్టడు. పెరట్లో అంజూరపండు రాలి టప్పుమన్నప్పుడల్లా, నోటిదాకా వచ్చిన రొట్టెముక్కను అలాగే పట్టుకుని తలుపు వైపు చూస్తాడు.