ఎవరిని కొట్టేవు, ప్రకాశం?

అంబాజీపేట దగ్గర కొబ్బరికాయలు ఒలిచే ప్రకాశానికి కోపం నోట్లోకంటే ముందు చేతిలోకి వచ్చేది. పెళ్లి ఊరేగింపులో దారి ఇవ్వలేదని ఒకడి దవడ పగలగొట్టాడు. ఆటో అడ్డం పెట్టాడని ఇంకొకణ్ణి కాలవలోకి తోసి, గట్టు పట్టుకుని పైకి రాబోతుంటే వేళ్లు తొక్కాడు. బాప్తిస్మం తీసుకున్నాకైనా మారతాడని భార్య సలోమి ఆశపడింది. మరుసటి ఆదివారమే, అన్నం ఆలస్యమైందని ఆమె జుట్టు పట్టుకుని తలను గుమ్మానికేసి కొట్టాడు. నుదురు చీలి, కన్ను రక్తంతో మూసుకుపోయింది.

"ప్రార్థన చేద్దాం, సర్దుకుంటుంది" అన్నారు సంఘ పెద్దలు. వాళ్లలో పడవలు బాగుచేసే ముసలి సాలమోను ఒక్కడే ఆ ఇంటికి వచ్చాడు. తలకు కట్టుతో సలోమి గోడవారన కూర్చుని ఉంది.

"ఎవరిని కొట్టేవు, ప్రకాశం?"

"నేను కొట్టలేదండి. గుమ్మం తగిలింది."

"నీ నోటితో చెప్పు. ఎవరిని కొట్టేవు?"

ప్రకాశం పిడికిలి ఆయన మూతి మీద పడింది. పన్ను ఊడి గచ్చు మీద పడింది. ముసలాయన తువ్వాలుతో నోరు ఒత్తుకుని సలోమి వైపు తిరిగాడు.

"స్టేషన్‌కి వెళదామంటే నేను తోడొస్తానమ్మా. సంఘం ఏమనుకుంటుందోనని చూడకు."

ఆమె వెళ్లింది. కేసు పెట్టి, అటునుంచి అటే పుట్టింటికి చేరింది.

ప్రకాశాన్ని చూడ్డానికి సాలమోను జైలుకీ వెళ్లేవాడు. వాక్యం చదివి, అదే ప్రశ్న అడిగి, జవాబు రాకపోతే లేచి వచ్చేసేవాడు. చివరికి ఒకరోజు ప్రకాశం ఊచల వెనక తల దించుకున్నాడు.

"సలోమినండి. కావాలనే కొట్టేను. ఏడుస్తుంటే ఇంకా కొట్టాలనిపించింది."

సాలమోను కళ్లు తుడుచుకున్నాడు. "ఇప్పుడు ప్రార్థన చేద్దాం, రా."

బయటికొచ్చాక ప్రకాశం వారం వారం ఆయన దగ్గరికెళ్లి, ఎవరి మీద చెయ్యి లేచిందో, ఎలా ఆపుకున్నాడో చెప్పేవాడు. అన్ని వారాలూ ఆపుకోగలిగాడని కాదు.

ఒక మధ్యాహ్నం ఒలుపు కళ్లంలో మోహన్ అనే కుర్రాడు, "పెళ్లాం వదిలేసినోడా!" అని నవ్వుతూ కొబ్బరి డొక్క విసిరాడు. ప్రకాశం వాడి మెడ వంచి, కాయలు ఒలవడానికి నేలలో పాతిన గునపం మొన మీదికి ముఖాన్ని ఈడ్చాడు. వాడు పెనుగులాడుతుంటే చెవి చీలింది. రక్తం ప్రకాశం మణికట్టు మీదుగా కారింది. ఇంకాస్త నొక్కితే కన్ను పోతుంది. ఇది కూడా సాలమోనుకి చెప్పుకోవాలి. చెయ్యి వదిలేశాడు. చొక్కా మార్చుకోకుండా పడవల దగ్గరికి పరుగెత్తాడు.

"మోహన్ని చంపబోయేనండి. చెవి తెగింది."

"ఎక్కడున్నాడు?"

"ఆసుపత్రికి తీసుకెళ్లేరండి."

"మరి నా దగ్గరికెందుకొచ్చేవు? పద, వాడికి చెబుదువుగాని."

ఆసుపత్రిలో మోహన్ తల్లి దుర్గమ్మ అందరి ముందూ చెప్పుతో ప్రకాశం చెంపలు వాయించింది. అతని పిడికిళ్లు బిగుసుకున్నాయి. సాలమోను పక్కనే నిలబడ్డాడు కానీ అడ్డు వెళ్లలేదు. ప్రకాశం చేతులు వెనక్కి కట్టుకుని, "నేనే చేసేనమ్మా. కేసు పెట్టండి. పారిపోను" అన్నాడు.

ఆ మాట సలోమి దాకా వెళ్లింది. ఆదివారం ఆరాధన అయ్యాక ఆమె చర్చి మెట్ల దగ్గర ప్రకాశం ఎదురుగా ఆగింది. నుదుటి మీద మచ్చ స్పష్టంగా కనబడుతోంది.

"అందరికీ చెబుతున్నారంట. నాకెప్పుడు చెబుతారు?"

ప్రకాశం సాలమోను వైపు చూశాడు. ఆయన చెప్పులేసుకుని అవతలికి నడిచాడు.

మొదటిసారి చెయ్యెత్తిన రోజు దగ్గర్నుంచి మొదలుపెట్టాడు ప్రకాశం. మధ్యలో ఆగితే, "తర్వాత?" అంది సలోమి. ఆ రోజుకి చెప్పినంతవరకు విని పుట్టింటికి వెళ్లే ఆటో ఎక్కింది.

"వచ్చే ఆదివారం మిగతాది చెప్పండి" అంది.