క్యారేజీలో బెల్లం ముక్క

చిన్నప్పుడు, ఉత్తరాది ఉక్కు ఊళ్లో ఉండే మా కద్మా పేటలో ఆదివారం వస్తే పిల్లలకి సెలవు... అమ్మానాన్నలకి బడి.

తెలుగువాళ్ల రేకుల హాల్లో సాయంత్రం చాపలు పరిచేవారు. రిటైరైన మేష్టారు ఒకాయన నడిపేవారు. ఒక వారం బ్యాంకు ఖాతా గురించి, ఒక వారం క్షయ గురించి, ఒక వారం సువర్ణరేఖ నది ఎక్కడ పుట్టిందో... ఎవరో ఒకరి చేత మాట్లాడించేవారు. అప్పుడప్పుడు బస్సెక్కించి రెండు నదులు కలిసే దోముహానీకో, డిమ్నా చెరువుకో తీసుకెళ్లి, చూపించి, చీకటి పడేలోపు దింపేవారు.

ఆయన పెట్టిన నియమం ఒక్కటే. చూసొచ్చినవాళ్లు మరుసటి ఆదివారం నిలబడి, రాలేనివాళ్లకి చెప్పాలి. డ్యూటీల వల్ల సగం మంది ఎప్పుడూ రాలేకపోయేవారు. మగవాళ్ల ముందు నోరు విప్పని ఆడవాళ్లు మాట్లాడటం నేర్చుకున్నది అక్కడే... మా అమ్మతో సహా.

ఒకసారి ఊరవతల గమ్హరియాలో ఓ కార్ఖానా చూపిస్తామన్నారు. మా నాన్న పనిచేసేది అందులోనే.

నాన్న అక్కడ క్రేను నడిపేవాడని మాకు తెలుసు. అన్నం తింటూ చెప్పేవాడు... ఎర్రగా కాలిన దిమ్మని ఎలా ఎత్తాలో, గొలుసు ఊగకుండా ఎలా దించాలో. ముద్దని గాల్లో ఆపి చూపించేవాడు. మా వీధిలో మిగతావాళ్లంతా వేరేచోట్ల పనిచేసేవాళ్లు. ఆ క్రేనుని చూసినవాళ్లు లేరు.

అమ్మ వీధంతా చెప్పేసింది. నాన్న మాత్రం, "అక్కడేటుంది సూడ్డానికి? పొగా దుమ్మూ. నేను పైనెక్కడో ఉంటాను, కనపడను కూడా" అన్నాడు. అమ్మ వినలేదు. పెట్టెలోంచి మంచి చీర తీసి కట్టుకుని, నన్నూ వెంటబెట్టుకుని బస్సెక్కింది.

లోపల సూపర్‌వైజరు హిందీలో చెబుతుంటే మేష్టారు తెలుగులో చెప్పారు. పైన క్రేను కదులుతోంది. దాని అద్దాల గదిలో ఎవరో మనిషి, నీడలా. పక్కింటి అప్పలనరసమ్మత్త అమ్మని మోచేత్తో పొడిచి, "అదిగో, మీ ఆయనే" అంది. అమ్మ తలెత్తి నవ్వింది.

నేను కిందకి చూస్తున్నాను... గోడవారగా నలుగురు మనుషులు ముఖాలకి గంచా తువ్వాళ్లు చుట్టుకుని దుమ్ము ఊడ్చి తట్టలకెత్తుతున్నారు. ఒక గంచాకి ఎర్ర అంచు. పొద్దున్న నాన్న మా దండెం మీద నుంచి తీసిందే. ఎడమ భుజం వంచి నడిచే ఆ నడక నాకు తెలుసు.

నేను నోరు తెరిచాను. అమ్మ నా చెయ్యి గట్టిగా నొక్కింది. తను కూడా అటే చూస్తోంది.

ఆయన గోడవైపు తిరిగి, ఊడ్చిన చోటే మళ్లీ ఊడ్చాడు... మేం దాటేవరకూ.

వాళ్లు ఠేకేదారు మనుషులనీ, అంటే కాంట్రాక్టు కూలీలనీ, దుమ్ము గొంతులో దిగకుండా బెల్లం ముక్క నములుతారనీ సూపర్‌వైజరు చెప్పాడు.

మరుసటి ఆదివారం నాన్నకి ఆఫ్. హాల్లో ఆఖరి వరసలో కూర్చున్నాడు. అమ్మ వంతు వచ్చింది. అప్పలనరసమ్మత్త ఊరుకోలేదు. "సెప్పు వదినా, మీ ఆయన క్రేను గురించి. ఇన్నాళ్లూ మా సెవులు ఊదరగొట్టీసినావు కదా."

అమ్మ లేచి నిలబడింది.

"సూసాను. ఇనుప దిమ్మని ఎత్తి, పసిపిల్లని పక్కమీద పడుకోబెట్టినట్టు దించినారు. పైనున్న మనిషి సరిగ్గా కనపడ్నేదు. సెయ్యి మాత్రం మంచిది."

అందరూ చప్పట్లు కొట్టారు. నాన్న తన చెప్పుల వైపు చూస్తూ కూర్చున్నాడు.

మర్నాటి నుంచి అమ్మ క్యారేజీ పైగిన్నెలో బెల్లం ముక్క పెట్టేది. క్యారేజీ ఖాళీగా తిరిగొచ్చేది. నాన్న మాకు క్రేను కథలు చెప్పడం మానేశాడు... అడిగితే అన్నం చల్లారిపోతోంది, తినండి అనేవాడు.

చాలా ఏళ్ల తర్వాత నాన్న ఊపిరితిత్తులు పాడయ్యాయి. ఏం పని చేసేవారని ఆస్పత్రిలో డాక్టరు అడిగాడు. నాన్న ఆయాసపడుతూ, "క్రేను" అన్నాడు. అమ్మ ఆయన దుప్పటి సర్దుతూ, "అవును బాబూ, క్రేనే" అంది.

అప్పటికి నేను పత్రికలో పనిచేస్తున్నాను. డాక్టరు వెనకే వరండాలోకి వెళ్లి, దుమ్ములో పని అని చెప్పాను. వాళ్లిద్దరికీ వినపడకుండా.

నాన్న ఆ వర్షాకాలం దాటలేదు. అమ్మ నిరుడు పోయింది. చివరిదాకా మా అబ్బాయికి తాతయ్య క్రేను గురించి చెప్పేది. వాడు "సచ్ మే, నానీ? నిజంగానా అమ్మమ్మా?" అని మళ్లీ మళ్లీ చెప్పించుకునేవాడు.

హాలు ఇప్పుడు ఫంక్షన్లకి అద్దెకిస్తున్నారు. ఆదివారం ఎవరూ చాపలు పరవరు... ఎవరైనా ఎక్కడికైనా వెళ్తే ఫొటోలు పెడుతున్నారు, నిలబడి చెప్పేవాళ్లు లేరు.

మీ నాన్న పనిచేసిన చోటు మీరెప్పుడైనా చూశారా? చూసుంటే కింద రాయండి. చూసొచ్చినవాళ్లు చెప్పాలని కదా మేష్టారి నియమం...

ఆ రోజు బస్సు దిగినవాళ్లలో ఇన్నాళ్లూ చెప్పకుండా మిగిలిపోయింది నేనొక్కదాన్నే.